ఏడాది పాసు... మూడు సీట్లు!

"మామా, ఒక డౌటు!" అంటూ మొన్న ఆదివారం మధ్యాహ్నం మా అక్క కొడుకు ఊడిపడ్డాడు. వాడు స్వయంగా వచ్చి డౌటు అన్నాడంటే అది డబ్బు సంగతే. సినిమా డౌటయితే ఫోన్లోనే అడిగేస్తాడు. డిగ్రీ రెండో ఏడు, మదనపల్లెలోనే. సెలవుల్లో టమాటా మండీలో లెక్కలు రాసి నాలుగు డబ్బులు కళ్లజూశాడు. అవి జేబులో పడ్డప్పట్నుంచి కుర్రాడికి కాలు నిలవడం లేదు.

సంగతేమిటంటే, బెంగళూరుకు అవతల ఒక థీమ్ పార్కు వాళ్లు ఏడాది పాసు పెట్టారట. (పేరడక్కండి. ఆ ఊరి చుట్టూ పార్కులకు కొదవ లేదు.) ఒక్కసారి 4,800 రూపాయలు కడితే పన్నెండు నెలల పాటు ఎన్నిసార్లయినా పోవచ్చు.

"ఎన్నిసార్లయినా మామా!" అన్నాడు కళ్లు జెయింట్ వీల్ లాగా తిప్పుతూ.

"ఎంతమంది పోతారు?"

"ముగ్గురం. నేను, మా క్లాసోళ్లు ఇద్దరు."

ముగ్గురు అనే మాట వినగానే నాకెక్కడో కలుక్కుమంది. ఎందుకన్నది ఫ్లాష్‌బ్యాక్. మన సినిమాల్లో లాగే దాన్ని ఇంటర్వెల్ దాటాక వేద్దాం. ముందు కాగితం, పెన్సిలు తెమ్మన్నాను.

మామూలు రోజున ఆ పార్కు టికెట్టు 1,200. కాలేజీ గుర్తింపు కార్డు చూపిస్తే నూటికి ఇరవై తగ్గింపు. అంటే మావాడికి పడేది 960. 4,800ని 960తో భాగిస్తే అయిదు. అయిదుసార్లు పోతే సరికి సరి. ఆరోసారి నుంచి లాభం. "చూసినావా, ఏడాదిలో ఆరుసార్లు పోలేమా?" అని మావాడు అప్పుడే ఎగిరి గంతేశాడు.

ఆగమన్నాను. పార్కు మదనపల్లె బస్టాండు వెనకాల లేదు కదా! బస్సు ఛార్జీలు, సిటీలో తిరుగుడు, లోపల భోజనం (బయట తిండి లోపలికి రానివ్వరు), సామాను పెట్టుకునే లాకరు... ఎంత పిసినారిగా చూసినా మనిషికి 900 అవుతుంది. ఆరుసార్లకు 5,400. పాసు 4,800. మొత్తం 10,200. అదే పాసు లేకుండా ఆరుసార్లు పోతే 11,160. అంటే మావాడు 960 రూపాయలు మిగల్చడానికి పదివేల రెండువందలు ఖర్చుపెట్టబోతున్నాడన్నమాట! పాసు మాటే ఎత్తకుండా, ఏడాదికి రెండుసార్లు హాయిగా పోయొస్తే అయ్యేది 3,720.

పాసు అమ్మేవాడు మనకు ఎప్పుడూ మొదటి లెక్కే చూపిస్తాడు. ఎంత మిగులుతుందో చెబుతాడు గానీ ఎంత వదులుతుందో చెప్పడు. టమాటా రేటు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటిగా చూసే ఊళ్లో పుట్టినవాళ్లం, మనకీ మాత్రం తెలియదా? తెలుసు. కాకపోతే "ఎన్నిసార్లయినా" అనే మాట చెవిన పడగానే లెక్క మరిచిపోతాం.

అసలు ఈ పార్కుల కథ ఎక్కడ మొదలైందంటారు? తెలుగువాళ్లు చూసిన మొదటి థీమ్ పార్కు 1957లో వచ్చిన 'మాయాబజార్' అంటాను నేను. ఘటోత్కచుడి మనుషులు రాత్రికి రాత్రి కట్టిన ఆ ఊరేగదా థీమ్ పార్కంటే! మార్కస్ బార్ట్లే కెమెరా చూపించినంత సేపూ అది నిజమే. అమెరికాలో డిస్నీలాండ్ తెరిచింది అంతకు రెండేళ్ల ముందు, 1955 జులైలో. అక్కడ మొదట్లో ఏడాది పాసులూ లేవు, ఏమీ లేవు. గేటు దగ్గర ఒక టికెట్టు, లోపల ప్రతి ఆటకూ మళ్లీ టికెట్టు. ఏ, బీ, సీ అంటూ తరగతులవారీ టికెట్ల పుస్తకాలు అమ్మేవాళ్లు. 1982 దాకా ఆ పద్ధతే నడిచింది. అంటే అచ్చంగా మన పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతర! జాతరలోకి ఊరికే పోవచ్చు, జెయింట్ వీల్ ఎక్కాలంటేనే డబ్బులు. ఎక్కకపోతే కింద నిలబడి ఎక్కినవాళ్ల అరుపులు ఉచితంగా వినవచ్చు.

మన దక్షిణాదిలో ఈ సరదాను ఇంత పెద్ద వ్యాపారం చేసిన ఘనత ఎక్కువగా కొచ్చిన్ వాళ్లది. స్టెబిలైజర్లు అమ్ముకునే వి-గార్డ్ సంస్థాపకుడు కొచౌసెఫ్ చిట్టిలప్పిళ్లి 2000లో అక్కడ వీగాలాండ్ పెట్టాడు. అదే తరవాత వండర్‌లా అయింది. 2005లో బెంగళూరు పక్క బిడదిలో, 2016లో హైదరాబాదులో, 2024లో భువనేశ్వర్‌లో, 2025లో చెన్నైలో... ఇలా పెరుగుతూ పోయింది. సినిమా పిచ్చివాళ్లకు 1996 నుంచీ రామోజీ ఫిల్మ్ సిటీ ఉండనే ఉంది. అయితే మదనపల్లె, పుంగనూరు, కుప్పం కుర్రాళ్లకు హైదరాబాదు కంటే బెంగళూరే దగ్గర. రాష్ట్రం వేరైనా పని బెంగళూరులో, పెళ్లిబట్టలు బెంగళూరులో, ఆస్పత్రి బెంగళూరులో. సరదా మాత్రం ఇంకెక్కడ ఉంటుంది?

ఇక పాసు అమ్మేవాడి లెక్క చూద్దాం. వాడికి మన డబ్బు ఇవాళే వస్తుంది, ఆటలు మాత్రం ఏడాది పొడవునా తీరిగ్గా ఇస్తాడు. మనం వచ్చినా ఖాళీగా తిరిగే తొట్టెలో ఒక సీటు నిండుతుంది, అంతే. పైగా పాసున్నవాడు ఒంటరిగా రాడు. పాసులేని బావమరిదిని వెంటబెట్టుకొస్తాడు, ఇద్దరూ కలిసి ఐస్‌క్రీములు తింటారు. అన్నిటికంటే పెద్ద లాభం ఏమిటో తెలుసా? మనం రాకపోవడం!

అందరూ వస్తే ఏమవుతుందో అమెరికాలో ఒక సినిమా పాసు కంపెనీ రుజువు చేసింది. మూవీపాస్ అని దాని పేరు. 2017 ఆగస్టులో నెలకు 9.95 డాలర్లు కట్టండి, రోజుకో సినిమా చూడండి అన్నారు. హాలువాడికి మాత్రం కంపెనీ పూర్తి టికెట్టు ధర కట్టుకోవాలి. నెలకు ఒకటో రెండో చూస్తారులే అనుకున్నారు. మనలాంటి సినిమా రాక్షసులు అక్కడ కూడా ఉంటారని తోచలేదు కాబోలు! ఏడాది తిరక్కముందే ముప్ఫై లక్షలమంది చేరారు, చూసిందే చూశారు. 2019 సెప్టెంబరు 14న దుకాణం మూసేశారు.

కానీ అది అరుదు సుమండీ. మామూలుగా జరిగేది దీనికి తలకిందులు. 2006లో ఇద్దరు ఆర్థికశాస్త్ర పండితులు, డెల్లావిన్యా, మాల్మెండియర్ అని, అమెరికాలో మూడు వ్యాయామశాలల్లో చేరిన 7,752 మంది హాజరు పట్టీలు చూసి ఒక పరిశోధన అచ్చువేశారు. నెలకు 70 డాలర్ల పైచిలుకు కట్టినవాళ్లు నెలలో సగటున పోయింది 4.3 సార్లు. అంటే పోయినప్పుడల్లా 17 డాలర్లు పడిందన్నమాట. పది రోజుల టికెట్ల కట్ట కొనుక్కుని ఉంటే రోజుకు 10 డాలర్లే అయ్యేది! వాళ్లు లెక్క రానివాళ్లు కాదు. డబ్బు కట్టేటప్పుడు మనసులో ఉన్న మనిషి వేరు, పొద్దున్నే అలారం ఆపేసి అటు తిరిగి పడుకునే మనిషి వేరు. అంతే తేడా.

అన్నట్టు, ఫ్లాష్‌బ్యాక్ బాకీ ఉంది కదూ!

2022 విజయదశమి, అక్టోబరు 5. మేం ముగ్గురం మదనపల్లెలో డిగ్రీ కలిసి చదివాం. ఒకే బెంచీ, ఒకే సైకిలు, ఒకే సినిమాకు ఒకే వారంలో మూడుసార్లు. తరవాత ఎవరి దారి వాళ్లది. నేను పత్రికలకు రాసుకుంటూ ఇక్కడే ఉండిపోయాను. ఒకడు పుంగనూరులో ఫోటో స్టూడియో పెట్టాడు. పెళ్లి వీడియోలు తీస్తాడు, డ్రోన్ కూడా కొన్నాడు. ఇంకొకడు కుప్పంలో కాపురముండి రోజూ రైల్లో బెంగళూరు పోయి ఉద్యోగం చేసి వస్తాడు. ఫోన్లలో మాట్లాడుకోవడం, "కలుద్దాంరా" అనుకోవడం, కలవకపోవడం... మీకూ ఉంటారు ఇలాంటి స్నేహితులు.

ఆ దసరా రోజున ముగ్గురం ఎలాగో ఒకచోట పడ్డాం. ఎవరు అన్నారో గుర్తులేదు గానీ, "పాసు కొంటే డబ్బు పోతుందన్న భయానికైనా నెలనెలా కలుస్తాం కదరా!" అన్నారు. అదీ ఆలోచన! తలా నాలుగువేలు పోశాం. గేటు టికెట్టు అప్పుడు 1,100. నాలుగుసార్లు పోతే చాలు, గిట్టుబాటే.

మొదటి ట్రిప్పు మరుసటి ఆదివారమే. నేను తెల్లవారుజామున నాలుగు గంటల బస్సులో చీకలబైలు, చింతామణి, హోసకోట మీదుగా. పుంగనూరువాడు ములబాగిలు, కోలారు మీదుగా. కుప్పంవాడు బంగారపేట మీదుగా రైల్లో. బెంగళూరులో కలిసి, ఆ ఊరు ఈ కొస నుంచి ఆ కొసకు దాటి, మైసూరు రోడ్డెక్కి, గేటు చేరేసరికి పన్నెండు. అయినా ఏం రోజండీ అది! ముగ్గురం పక్కపక్కన కూర్చుని తలకిందులైనప్పుడు పుంగనూరువాడు వాళ్ల ఇంటిదేవుణ్ణే కాకుండా మా ఇంటిదేవుణ్ణి కూడా పిలిచాడు. నీళ్ల ఆటల దగ్గర నూలు బట్టలు పనికిరావంటే ముగ్గురం ఒకే రంగు నైలాను నిక్కర్లు కొన్నాం. ఆ ఫోటో ఇప్పటికీ నా దగ్గరుంది. అచ్చువేయమని మాత్రం అడగొద్దు.

మధ్యాహ్నం మూడింటికి పుంగనూరువాడు ఒక కోరిక కోరాడు. "రేయ్, ఇట్లే ముందుకు పోతే రామనగరం. 'షోలే' తీసిన కొండలు. ఒక్కసారి చూసిపోదాంరా" అన్నాడు. కెమెరా పట్టినవాడు కదా, 1975లో వచ్చిన ఆ సినిమాలో ఆ బండరాళ్లు వాడికి దేవుడి గుడితో సమానం. దూరం కూడా పెద్దగా లేదు. మేమిద్దరం ఏమన్నామో తెలుసా? "వచ్చేసారి చూద్దాంలేరా, పాసుంది కదా!"

రెండోసారి ఫిబ్రవరిలో. మాఘమాసం, పుంగనూరువాడికి వరసగా ముహూర్తాలు. ఆదివారమంటే వాడికి పెళ్లిరోజు. ఎవరిదో ఒకరిది! కుప్పంవాడు, నేను పోయాం. వాడు సగం రోజు చెట్టుకింద నిద్రపోయాడు. తప్పు వాడిది కాదు. వారానికి ఆరు రోజులు చీకట్లో లేచి రైలెక్కేవాణ్ణి ఏడోరోజు కూడా అదే ప్లాట్‌ఫారం మీద నిలబెడితే వాడికి పార్కు కనిపిస్తుందా, ఆఫీసు కనిపిస్తుందా? ఇక్కడొక విచిత్రం గమనించండి. వాడి జేబులో రెండు పాసులున్నాయి. రైలు సీజన్ టికెట్టు, పార్కు పాసు. సీజన్ టికెట్టు మీద వాడు ప్రతి నెలా లాభపడతాడు, ఎందుకంటే పోక తప్పదు. పార్కు పాసు మీద నష్టపోయాడు, ఎందుకంటే పోకపోయినా ఎవరూ ఏమీ అనరు.

మూడోసారి మే నెలలో నేనొక్కణ్ణే పోయాను. ఇద్దరూ ఆఖరి నిమిషంలో రాలేమన్నారు. నేను అప్పటికే బస్సులో ఉన్నాను. పోనీ, పాసుకు ఒక లెక్క వేద్దాం అని లోపలికెళ్లాను. ఆ ముగ్గురెక్కే తొట్టెలో కూర్చున్నాను. బెల్టులు బిగించే అబ్బాయి పక్కనున్న రెండు ఖాళీ సీట్లు చూసి, "ఒబ్బరేనా సార్?" అన్నాడు. ఒక్కరేనా అని. కన్నడంలో అడిగినా, తెలుగులో అడిగినా ఆ ప్రశ్న ఒకటే. అవునన్నాను. తొట్టె పైకి పోయింది, తలకిందులయింది, దిగింది. నేను అరవలేదు. ఒక్కడే అరిస్తే ఏం బాగుంటుంది చెప్పండి? మూడింటికల్లా బయటికొచ్చేశాను. రామనగరం బస్సు ఎదురుగానే ఆగింది. ఎక్కబుద్ధి కాలేదు.

తరవాత ఆషాఢం వచ్చింది. పుంగనూరువాడికి ముహూర్తాలు లేవు, తీరిక దొరికింది. కానీ నాకు రెండు పత్రికల పని నెత్తిన పడింది, కుప్పంవాడి ఇంట్లో చంటిబిడ్డ. అలా అలా అక్టోబరు. పాసు గడువు తీరింది. లెక్క చూడండి: నేను మూడుసార్లు, కుప్పంవాడు రెండు, పుంగనూరువాడు ఒక్కసారి. మొత్తం ఆరు. ఆరు టికెట్లకు 6,600 అయ్యేది, మేం కట్టింది పన్నెండువేలు. అన్నిటికంటే తమాషా ఏమిటంటే, గడువు తీరిన వారంలోనే, 2023 అక్టోబరు 9న, బెంగళూరు ఊదా రంగు మెట్రో వైట్‌ఫీల్డ్ నుంచి చల్లఘట్ట దాకా ఏకంగా తెరిచారు. కుప్పం రైలు దిగినవాడు వైట్‌ఫీల్డ్‌లోనే మెట్రో ఎక్కి, ఊరి ట్రాఫిక్ పైనుంచి తేలిపోతూ మైసూరు రోడ్డు మీద దిగొచ్చు! మా అదృష్టం అట్లాంటిది.

ఇదంతా చెప్పి మావాడి చేతిలో గోడ క్యాలెండరు పెట్టాను. పోగలిగే రోజులకు సున్నా చుట్టమన్నాను. వాడివి మాత్రమే కాదు, మిగతా ఇద్దరివీ ఫోనుచేసి కనుక్కోమన్నాను. పరీక్షల నెలలు పోయాయి. వర్షాలు పోయాయి. తడిసి ఆడే ఆటలు డిసెంబరు చలిలో ఎవడాడతాడని అవీ పోయాయి. ఒకడి అక్క పెళ్లి, ఒకడికి పొలం పని. ముగ్గురికీ కుదిరిన సున్నాలు ఎన్ని మిగిలాయో తెలుసా? రెండు!

మీరు కూడా పాసు కొనాలనుకుంటే కొనుక్కోండి, నేనడ్డం రాను. బెంగళూరులోనే హాస్టల్లో ఉంటూ, పార్కుకు పోయే బస్సు మీ వీధి చివర ఆగుతుంటే, నిక్షేపంగా కొనుక్కోండి. నిబంధనల కాగితం మాత్రం చదవండి. పండగరోజుల్లో, వరస సెలవుల్లో పాసు చెల్లదనే మెలిక చాలాచోట్ల ఉంటుంది. డిస్నీలాండ్ వాళ్లే 2021 జనవరిలో పాత ఏడాది పాసులన్నీ ఆపేసి, ఆగస్టులో కొత్త రకం తెచ్చి, ముందుగా రోజు రిజర్వు చేసుకుంటేనే లోపలికి రమ్మన్నారు. ఎన్నిసార్లయినా అన్న మాటకు వెనక ఇలాంటి తోకలుంటాయి. మన మూడు ఊళ్ల నుంచి పోయొచ్చేవాళ్లకు మాత్రం, మామూలు రోజున కాలేజీ కార్డుతో ఒక్కరోజు టికెట్టే నా ఓటు.

మావాడు క్యాలెండరు కేసి చూసి, సున్నాలు మళ్లీ లెక్కపెట్టి, పాసు మానేస్తానన్నాడు. ఒక బుధవారం చూసుకుని ముగ్గురూ పోతారట. నేను గెలిచానని మీసం దువ్వుకునేలోగా గడప దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

"మామా, నీ లెక్క బాగుండాది. అయితే ఒక డౌటు. ఆ పాసు కొనకపోయింటే మీరు ముగ్గురూ ఆ ఒక్కసారన్నా పోయిందురా?"

నాకు జవాబు తోచలేదు. వాడు జవాబు కోసం ఆగనూ లేదు.

రాత్రి భోజనమయ్యాక పుంగనూరుకు ఫోను చేశాను. "రేయ్, ఆషాఢంలో ఖాళీనా?"

"ఏందిరా, మళ్లీ పాసేమన్నా కొన్నావా?"

"లేదురా. ఒక్కరోజు టికెట్టు. ముగ్గురం."

కాసేపు చప్పుడు లేదు. పెళ్లి వీడియో ఏదో ఎడిటింగ్ చేస్తున్నాడు, వెనకాల సన్నాయి వినిపిస్తోంది. "అయితే ముందు రామనగరం. ఆ కొండలు చూసినాకనే నీ పార్కు" అన్నాడు.

కుప్పంవాడయితే రైలు మాటెత్తితే ఫోను పెట్టేస్తానన్నాడు. కారు మాట్లాడదాం అన్నాక మెత్తబడ్డాడు. "బిడ్డను కూడా తీసుకొస్తానురా, ఇప్పుడు నడస్తాంది" అని, వెంటనే, "ఎన్ని సెంటీమీటర్ల లోపుంటే టికెట్టు లేదంటార్రా అక్కడ?"

"ఎనభై అయిదు అని గుర్తు."

"ఉండు, గోడకు నిలబెట్టి కొలుస్తా" అని ఫోను మంచమ్మీద పెట్టి వెళ్లాడు.